ప్రామాణిక పాదాలు

కందకంలో తడి ఉండదు. ఈ సంగతిని సికింద్రాబాదులో, కార్ఖానా దాటాక కుడిచేతి వైపున్న ఒక పెంకుల బంగళాలో, మూడు కమిటీలు తొమ్మిదిసార్లు కూర్చుని తేల్చాయి. సరిహద్దుల్లో కందకాల్లో నిలబడి ఉన్న సిపాయిలు కొందరికి ఇందుకు భిన్నమైన అభిప్రాయం ఉండేది. కాని వాళ్ళు కమిటీల్లో సభ్యులు కారు.

ఆ బంగళా పేరు కందక నివాస ఆరోగ్య ప్రమాణాల కార్యాలయం. బోర్డు మీద అన్ని మాటలూ పట్టక చివరి మాటను గేటు స్తంభం మీదికి మళ్ళించి రాశారు. కార్ఖానా జనం మెడ అంత తిప్పలేక దాన్ని గుంత ఆఫీసు అనేవారు. యుద్ధం ఎక్కడొచ్చినా సిపాయి ముందు నేల తవ్వి అందులో దిగుతాడు. దిగాక అక్కడే తింటాడు, అక్కడే కునుకు తీస్తాడు, మిగతావి కూడా అక్కడే కానిస్తాడు. అటువంటి చోట అతనికి ఏ జబ్బు రావచ్చు, ఏ జబ్బు రాకూడదు అని నిర్ణయించడం ఈ కార్యాలయం పని. (రాకూడని జబ్బు వస్తే దాన్ని సొంత జబ్బు అంటారు.)

ఇంత దూరం నుంచి ఎలా నిర్ణయిస్తారని ఎవరికీ సందేహం రాకుండా, బంగళా వెనక దొడ్లో ఒక నమూనా కందకం తవ్వించారు. పొడవు ముప్ఫై అడుగులు, లోతు ఆరు అని ప్లాను. నాలుగడుగుల దగ్గర రాతిబండ తగిలింది. కంట్రాక్టరు రెండు రోజులు ఆలోచించి, మిగిలిన రెండడుగుల లోతునూ గట్టు మీద గోడ కట్టి పూర్తి చేశాడు. అడుగున చెక్క పలకలు పరిచారు. పక్కలకు సున్నం కొట్టారు. ఇసుక బస్తాల మధ్య రెండు క్రోటన్ కుండీలు పెట్టారు, పెద్ద అధికారులు వచ్చినప్పుడు కందకం మరీ బోసిగా కనిపించకుండా.

ఆ తరువాత నిర్ణయాలు చకచకా సాగాయి. కందకంలో తనను ఎలుక కరిచిందని ఒక సిపాయి అర్జీ పెట్టుకుంటే, నమూనా కందకంలో ఎనిమిది రోజులు బోను పెట్టి చూశారు. ఒక్క ఎలుకా పడలేదు. కనుక కందకాల్లో ఎలుకలు లేవనీ, కరిచినది బయటి నుంచి వచ్చిన ఎలుక అనీ, దాని బాధ్యత సివిల్ శాఖలదనీ జవాబు వెళ్ళింది. పేలను సిపాయి ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత సామానుగా లెక్క వేశారు.

కాళ్ళ జబ్బుల విషయంలో మాత్రం కార్యాలయం మరింత జాగ్రత్త పడింది. కాళ్ళను పోల్చాలంటే మరో జత కాళ్ళుండాలి. ఉన్న ముగ్గురు గుమాస్తాలకూ ఎత్తు, బరువు, ఛాతీ కొలిచి, మిగతా ఇద్దరి కన్నా సిపాయికి దగ్గరగా ఉన్నాడని పద్మనాభాన్ని ప్రామాణిక సిపాయిగా నియమించారు. అతని పాదాలు ప్రామాణిక పాదాలయ్యాయి. ఎవరైనా కాళ్ళ అర్జీ పంపితే పద్మనాభం మేజోళ్ళతో నమూనా కందకంలోకి దిగి, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కూర్చుని, తన పాదాలకు ఏమనిపించిందో రిజిస్టరులో రాసేవాడు. ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి అతను సిటీ బస్సులో కాళ్ళు దగ్గరగా ముడుచుకుని నిలబడేవాడు. ఎవరైనా తొక్కితే, తొక్కింది ఎవరి ఆస్తినో తెలుసా అని అడిగేవాడు.

ఆ కందకాన్ని కందకంలా ఉంచే పని ప్రేమమణిది.

ప్రేమమణి ఆరేళ్ళుగా అక్కడ తాత్కాలిక పనిమనిషి. వాన పడితే పొద్దున్నే వచ్చి బకెట్టుతో నీళ్ళు తోడాలి. గోనెపట్టాతో పలకలు తుడవాలి. మూలల్లో సున్నపు పొడి చల్లాలి. పది గంటలకల్లా రిజిస్టరులో ఆనాటి తేదీ ఎదురుగా "పొడి" అని రాసి సంతకం పెట్టాలి. ఆమె బడికి వెళ్ళింది లేదు. చర్చిలో పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని, తెలిసిన పాట ఎక్కడుందో వెతికి వెతికి, తనంతట తను చదవడం నేర్చుకుంది. ఆ అచ్చు చూసే రాయడమూ నేర్చింది గనుక అక్షరం రాస్తే ముద్దగా, అందంగా రాసేది. ఆరేళ్ళ రిజిస్టరులో ఆ ఒక్క మాటా వరసగా కిందికి దిగుతూ ఉండేది. సూపరింటెండెంటు రామభద్రరావు గారు వచ్చినవాళ్ళకు ఆ పేజీలు తిప్పి చూపించేవారు.

ఆమె భర్త యేసురాజు సిపాయి. డెబ్భై ఒకటో సంవత్సరం చివర వచ్చిన యుద్ధానికి సికింద్రాబాదు స్టేషన్లోనే బండెక్కాడు. ప్రేమమణికి స్టేషనంటే భయం. ఆమె నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి అదే స్టేషను నుంచి బర్మా యుద్ధానికి వెళ్ళాడు. తల్లి కంగారులో వేరే పెట్టెకు చెయ్యి ఊపింది, ఆయన తిరిగి రాలేదు. అందుచేత ప్రేమమణి యేసురాజును ఎక్కించినప్పుడు పెట్టె నంబరు మూడుసార్లు చదువుకుని, మనిషి ముఖం రెండుసార్లు చూసుకుని, అప్పుడు చెయ్యి ఊపింది.

యుద్ధం డిసెంబరులోనే అయిపోయింది. ఆ సంగతి కందకాలకు ఎవరూ చెప్పలేదు. రెండు దేశాల పెద్దలూ గీత ఎక్కడ గీయాలో మాట్లాడుకుంటూ ఉంటే, మరుసటి వానాకాలం వచ్చినా సిపాయిలు ఆ గీత మీదే నిలబడి ఉన్నారు. యేసురాజు ఉత్తరాలు రాసేవాడు.

"మోర్చాలో, అంటే మా కందకంలో, అందరం కులాసా. ఎలుకలు ఇంకా కులాసా, నా కన్నా ఒళ్ళు చేశాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. బూట్లు విప్పి పన్నెండు రోజులైంది. విప్పితే మళ్ళీ కాళ్ళు పట్టవని సుబేదారు అంటున్నాడు. ఆదివారం చర్చిలో నా బదులు కూడా కాసేపు కూర్చో."

ప్రేమమణి ఆ ఉత్తరం మధ్యాహ్నం నమూనా కందకం మెట్టు మీద కూర్చుని చదువుకుంది. చదివాక మడిచి రవికలో పెట్టుకుని, లేచి, పలకల మధ్య మిగిలిన చెమ్మను గోనెతో అద్దింది. అప్పటికి ఆ రెండు పనులకూ సంబంధం ఉన్నట్టు ఆమెకు తోచలేదు.

జులైలో యేసురాజును బండి మీద పడుకోబెట్టి తెచ్చారు. మిలిటరీ ఆస్పత్రిలో చివరి మంచం. పాదాలు గంజిలో నానబెట్టిన గుడ్డల్లా తెల్లగా, ముడతలు పడి, ఉబ్బి ఉన్నాయి. వేళ్ళ చివరలు నల్లబడ్డాయి.

"నొప్పిగా ఉందా?" అంది ప్రేమమణి.

"నొప్పుంటే బాగుండు మణీ. ఎడమది ఉందో లేదో తెలియక రోజూ దుప్పటి ఎత్తి చూసుకుంటున్నా. దాంతో హాజరు పట్టీలో సంతకం పెట్టించాలి."

"ఆ మాటలే వద్దన్నాను."

"సరే, నువ్వు చూడు. ఉందా?"

"ఉందిగా."

"మరింకేం. ఇద్దరు సాక్షులం."

కెప్టెన్ రిచర్డ్ అనే కుర్ర డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచాడు. "చూడమ్మా, రెండు కాళ్ళూ నిలబెడతాను. కాని ఈ చలికాలం మళ్ళీ తడిలో నిలబడితే ఎడమ కాలు దక్కదు. ఇది కందకంలో తడి వల్లే వచ్చిందని సర్టిఫికెట్ రాస్తున్నా. అది పాసైతే ఇక్కడే డిపోలో కుర్చీ డ్యూటీ ఇస్తారు. లేకపోతే నయం కాగానే మళ్ళీ అక్కడికే."

"ఎవరు పాస్ చెయ్యాలి సార్?"

"ఏదో ప్రమాణాల ఆఫీసు ఉందట. కార్ఖానా అవతల."

ప్రేమమణికి వరండా స్తంభం పట్టుకుని కూర్చోబుద్ధయింది, సంతోషంతో. దేవుడు ఎన్నో ఆఫీసులు పెట్టుకుని ఉండగా తన మొగుడి కాగితాన్ని తను ఊడ్చే ఆఫీసుకే పంపాడనుకుంది.

కాగితం తొమ్మిది రోజులకు వచ్చింది. దొడ్డి తోటకు నీళ్ళు పోసే బాలమ్మ ఆ కబురు మోసుకొచ్చింది. "నీ పెనిమిటి ఫైలు రేపు ఎక్కుతదంట. పద్మనాభం సారు గుంతల దిగుతడంట."

ఆ రాత్రంతా వాన. ప్రేమమణి తెల్లవారకముందే వచ్చేసింది. మామూలు రోజున తోడే నీళ్ళు తోడి ఊరుకోలేదు. ఇంటి ఆయన ఫైలు. అధికారులు చూసేది. పలకలు ఎత్తి కింద కూడా తుడిచింది. రామభద్రరావు గారి గదిలోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి తీగ లాగి గంటసేపు కందకానికి గాలి పెట్టింది. ఇంటి నుంచి తెచ్చిన సాంబ్రాణి పొగ వేసింది. పది గంటలకు రిజిస్టరులో ఎప్పటికన్నా ముద్దగా "పొడి" అని రాసి, ఒకసారి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, సంతకం పెట్టింది.

పద్మనాభం దిగాడు. పేపరు చదివాడు. టిఫిను డబ్బా విప్పాడు. ఒంటిగంటకు పైకి వచ్చి రాశాడు: "ప్రామాణిక పాదాలు పొడిగా, వెచ్చగా ఉన్నవి. మధ్యలో పావుగంట నిద్ర కూడా పట్టినది."

మరునాటికి నిర్ణయం టైపు అయింది. నమూనా కందకంలో, అదీ కుండపోత వాన కురిసిన మర్నాడు, చెమ్మ లేదు. కావున సదరు సిపాయి కందకం వెలుపల ఎక్కడో తన ఇష్టప్రకారం నీటిలో కాళ్ళు పెట్టుకుని ఉండవలెను. సొంత జబ్బు. చికిత్స ముగిసిన వెంటనే తిరిగి కందకానికి పంపవచ్చును.

ప్రేమమణి సూపరింటెండెంటు గదిలో చేతులు కట్టుకుని నిలబడింది. రామభద్రరావు గారు చెడ్డవారు కారు. ఆమెకు టీ తెప్పించారు. స్టూలు చూపించారు.

"నీ బాధ నాకు తెలుసమ్మా. కాని నేనేం చెయ్యగలను? ఇదుగో చూడు." ఆయన రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పారు. "ఆరేళ్ళు. ఒక్క రోజు కూడా తడి లేదు. ఎవరి సంతకం?"

"నాదే సార్. కాని నేను తోడతాను కదండీ. తోడకపోతే నడుము దాకా ఉంటాయి."

"తోడతావు. నిజమే. తోడినట్టు ఎక్కడ రాశావు?"

"రాసే గడి లేదు సార్. పొడి, తడి అని రెండే గళ్ళు."

"మరి ఉన్న గడి నమ్మాలా, లేని గడి నమ్మాలా?" అన్నారాయన ఎంతో దయగా. టీ చల్లారుతుందని కూడా గుర్తు చేశారు.

ఆ కార్యాలయానికి నూట పన్నెండు నిబంధనల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని చదివినవారు లేరు. ఆరబెట్టిన గోనెపట్టా ఎగిరిపోకుండా ప్రేమమణి దాన్ని బరువుగా పెట్టేది. ఆ సాయంత్రం పట్టా తీస్తూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మొదటి పేజీ మీద వేలు పెట్టింది. మాట మాటా కూడబలుక్కుంటూ చదవడానికి ఆరు రోజులు పట్టింది. చివరిదాకా వెళ్ళిన వేలు వెనక్కి వచ్చి నలభై ఒకటో నిబంధన దగ్గర ఆగింది.

సిపాయి భార్య కోరినచో పునఃపరిశీలన జరుపవలెను. పై కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చి చూడవలెను. ప్రామాణిక సిపాయి ఐదు పనిదినములు, రోజుకు ఆరు గంటలు, కందకం ఆనాడున్న స్థితిలోనే నిలబడవలెను.

ఆమె అర్జీ రాసి ఇచ్చింది. నిబంధన ఉంది గనుక కాదనడానికి వీలు కాలేదు. ఆగస్టు రెండో వారంలో లెఫ్టినెంట్ కర్నల్ సుబ్బరాజు గారు వస్తారని తెలిసింది. ప్రేమమణి వెంటనే ఆ ముందు వారానికీ ఆ వారానికీ కలిపి సెలవు పెట్టింది. ఆరేళ్ళలో మొదటి సెలవు. చీటీలో కారణం "ఒంట్లో నలత" అని రాసింది. కాళ్ళు ఎవరివైనా ఒళ్ళు ఒక్కటే కదా అనుకుంది.

సెలవు మూడో రోజున వాన పట్టుకుంది. అల్వాల్ చెరువు అలుగు పోసిందని చెప్పుకున్నారు. నమూనా కందకం కింద ఉన్నది రాతిబండ. చుక్క ఇంకదు. సోమవారానికి నీళ్ళు నడుము లోతుకు వచ్చి, చెక్క పలకలు పడవల్లా తేలాయి. కప్పలు వచ్చాయి. ఒక క్రోటన్ కుండీ ఇటు నుంచి అటు ప్రయాణం చేస్తూ కనిపించింది.

రామభద్రరావు గారు గొడుగు పట్టుకుని గట్టు మీదికి వచ్చి, బాలమ్మను పిలిచారు.

"బాలమ్మా, బకెట్టు అందుకో."

"నేనెందుకు అందుకుంట సారూ? నా కాయితంల చెట్లకు నీళ్ళు పోసుడు అని రాసున్నది. గుంతల నీళ్ళు తీసుడు అని లేదు."

"అవసరం కదమ్మా."

"అవసరమైతే కాయితంల రాయుండ్రి. సంతకం పెట్టుండ్రి. తీస్త."

ఆ కాగితం మార్చాలంటే పై కార్యాలయం ఒప్పుకోవాలి. పై కార్యాలయం అప్పటికే గేటు దగ్గర జీపు దిగుతోంది. కర్నల్ సుబ్బరాజు గారు కందకం చుట్టూ ఒకసారి తిరిగి, ఇందులో నీళ్ళున్నాయే అన్నారు. ఉన్నాయని రామభద్రరావు గారు ఒప్పుకున్నారు. నలభై ఒకటో నిబంధన చదివించుకుని, స్థితి అంటే స్థితే, దిగమనండి అన్నారు కర్నల్ గారు.

పద్మనాభం కొత్త మేజోళ్ళతో దిగాడు.

మొదటి రోజు అతను, నీరు చల్లగా ఉన్నదని రాశాడు. రెండో రోజు, కప్పలు ఉన్నవని రాశాడు. మూడో రోజు చేతిరాత మారింది. ప్రేమమణి సెలవులో ఉన్నా పొద్దున్నే వచ్చి గేటు పక్కన కూర్చునేది. నాలుగో రోజు మధ్యాహ్నం కర్నల్ గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె కందకం అంచుకు వచ్చింది.

పద్మనాభం గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. పెదవులు వణుకుతున్నాయి.

"అమ్మా ప్రేమమణీ, జెర నాలుగు బకెట్లు తియ్యరాదూ. ఎవ్వరికీ చెప్పను."

"నాకు సెలవు సార్."

"సెలవుల ఉన్నోళ్ళు సుత బకెట్ పట్టొచ్చు. నిబంధన ఏం లేదు."

"నాలుగు బకెట్లు తీస్తే తగ్గవు సార్. తెల్లారే సరికి మళ్ళీ నిండుతాయి."

అతను ఎదురుగా వచ్చిన కప్పను చేత్తో అవతలికి నెట్టాడు. "నీ మొగుడు ఎన్ని దినాలు నిలబడ్డడు?"

"పంతొమ్మిది రోజులట."

"ఆరేసి గంటలేనా?"

"రాత్రిళ్ళు కూడా సార్."

"మరి అన్నం?"

"అందులోనే."

పద్మనాభం తలకు పైగా ఎత్తి పట్టుకున్న టిఫిను డబ్బాను చూసుకున్నాడు. "నిద్ర సుత పట్టినది అని రాసిన గదమ్మా నేను," అన్నాడు నెమ్మదిగా. "పావుగంట."

ప్రేమమణికి చెయ్యి బకెట్టు మీదికి పోయింది. ఆరేళ్ళ అలవాటు. ఒక మనిషి ఎదురుగా నీళ్ళలో వణుకుతుంటే చూస్తూ నిలబడటం ఆమెకు చేతకాదు. ఇంకో మనిషి ఆస్పత్రిలో రోజూ దుప్పటి ఎత్తి చూసుకుంటున్నాడు. బకెట్టు పిడి పట్టుకుని అలాగే నిలబడింది. వెనక నుంచి బాలమ్మ వచ్చి ఆ బకెట్టు లాక్కుని బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏందే పిల్లా, నీ పెనిమిటి కాలు వద్దా నీకు?"

"పాపం అక్కా, ఈయన మాత్రం ఏం చేశాడు?"

"ఆయనేం జెయ్యలే. గందుకే గద ఇంత దూరం వచ్చింది. ఈ ఆఫీసుల ఎవ్వలూ ఏం జెయ్యలే."

"రేపొక్క రోజు సార్," అంది ప్రేమమణి కందకంలోకి వంగి. "రేపు సాయంత్రం ఆవనూనె కాచి తెస్తాను. మా ఆయనకు రాసేది."

ఐదో రోజు సాయంత్రం పద్మనాభాన్ని ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. మేజోళ్ళు కత్తిరించి తీయవలసి వచ్చింది. పాదాలు తెల్లగా, ముడతలు పడి, ఉబ్బి ఉన్నాయి. గిల్లితే తెలియడం లేదు. కెప్టెన్ రిచర్డును పిలిపించారు. ఆయన ప్రామాణిక పాదాలను చూసి, వేళ్ళు నొక్కి, యేసురాజు పాదాలకూ వీటికీ ఏమీ తేడా లేదని, అతనివి ముదిరాయి, ఇవి ఇంకా మొదలు అని రాసి సంతకం పెట్టాడు. వెళ్తూ ప్రేమమణి వైపు చూసి తల ఊపాడు. ఆమె గేటు స్తంభం మీద ఉన్న కార్యాలయం పేరులోని చివరి మాటకు తల ఆనించి ఏడ్చింది. గెలిచామనుకున్నప్పుడే ఆమెకు ఏడుపు వచ్చేది.

ఆ కార్యాలయం ఎంత వేగంగా పని చేయగలదో ఆ రోజు తెలిసింది. నలభై నిమిషాల్లో పద్మనాభం జబ్బు కందక సేవలో వచ్చిన జబ్బుగా నమోదయింది. అతన్ని రికార్డు గదిలో, కిటికీ పక్కన, ఎండ పడే కుర్చీకి మార్చారు. కాళ్ళ కింద పెట్టుకోవడానికి ఒక పీట మంజూరు చేశారు. (పీటకు మామూలుగా రెండేళ్ళు పడుతుంది.) ప్రేమమణి మాట తప్పకుండా ఆవనూనె కాచి తెచ్చి ఇచ్చింది.

యేసురాజు సంగతి మర్నాడు ఉదయం కర్నల్ గారు స్వయంగా చెప్పారు. ఆమెను స్టూలు మీద కూర్చోమన్నారు. ఆ స్టూలును ఆమె ఇదివరకే ఎరుగును.

"చూడమ్మా, డాక్టరు రిపోర్టు స్పష్టంగా ఉంది. మీ ఆయన పాదాలకూ ప్రామాణిక పాదాలకూ తేడా లేదు."

"అవునండీ."

"ప్రమాణం అంటే ఏమిటి? అందరూ దేనితో సరిపోవాలో అది. ప్రామాణిక పాదాలు ఎలా ఉంటే అదే ప్రమాణం. ఇప్పుడవి తెల్లగా, ఉబ్బి, స్పర్శ లేకుండా ఉన్నాయి. మీ ఆయనవీ సరిగ్గా అలాగే ఉన్నాయి. అంటే మీ ఆయన పాదాలు ప్రమాణానికి సరిపోయాయి." ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. "సొంత జబ్బు అన్న మాట కొట్టేయించాను. అతనికి జబ్బే లేదు."

"డిపోలో కుర్చీ డ్యూటీ అన్నారండీ."

"అది జబ్బున్నవాళ్ళకమ్మా."

"పద్మనాభం సారుకు ఇచ్చారు కదండీ."

"అతను సివిలియన్. సివిలియన్‌కు అలాంటి పాదాలు ఉండకూడదు. సిపాయికి ఉండవచ్చు."

నూట పన్నెండు నిబంధనలూ ప్రేమమణికి వచ్చు. వాటిలో అడగడానికి ఏదీ మిగల్లేదు.

అదే ఉత్తర్వులో రెండో పేరా ఆమె గురించే. నమూనా కందకం స్థితిని పునఃపరిశీలనలో ఉన్న విధంగా సవరించడమైనది. ఇక మీదట నీరు మోకాలి లోతుకు తగ్గకుండా చూడవలెను. వాన లేని రోజుల్లో కుళాయి నుంచి మోసి పోయవలెను. రిజిస్టరులో గళ్ళు మార్చారు: నీరు చాలును, నీరు చాలదు. నీళ్ళు పోయడం తన కాగితంలో ఉన్న పనేనని బాలమ్మ వెంటనే ఒప్పుకుంది. "గుంతను సుత చెట్టనుకుంట, పోస్త. నువ్వు స్టేషనుకు పో," అంది.

సెప్టెంబరు మొదటి వారంలో యేసురాజు ప్రయాణమయ్యాడు. పాదాలు ఉబ్బి ఉన్నందున ఒక సైజు పెద్ద బూట్లు సానుభూతితో మంజూరయ్యాయి. ప్లాట్‌ఫారం మీద అతను అడుగు వేసినప్పుడల్లా బూటు ముందు వెళ్ళేది, కాలు తరువాత వెళ్ళేది.

"అయితే మీ గుంతలో కూడా మోకాలి దాకా నీళ్ళేనా?" అన్నాడు పెట్టె కిటికీలోంచి.

"ఆ. తగ్గితే మెమో ఇస్తారు."

"మాకా తక్లీఫ్ లేదు. తగ్గనే తగ్గవు."

"ఏవండీ, రోజూ బూట్లు విప్పండి. ఒక్కసారైనా. ఆవనూనె సీసా మూట అడుగున పెట్టాను. పొడి మేజోళ్ళు నాలుగు జతలు. చంకలో పెట్టుకుని ఆరబెట్టుకోండి, వేడికి ఆరతాయి."

"సుబేదారును అడిగి విప్పుతాలే."

"అడక్కండి. ఊరికే విప్పండి."

"మణీ, పెట్టె నంబరు చూసుకున్నావా?"

"మూడుసార్లు."

"ముఖం?"

ఆమె చూసింది. బండి కదిలాక కూడా, నంబరు చదవడానికి వీలు కానంత దూరం పోయేదాకా, చెయ్యి ఊపుతూనే ఉంది.

గీత ఎక్కడ గీయాలో పెద్దలు ఆ డిసెంబరులో తేల్చారు. సిపాయిలు కందకాలు ఖాళీ చేశారు. అంతకు పదకొండు రోజుల ముందు, చలివానలో, యేసురాజు ఎడమ కాలును చీలమండ పైదాకా తీసేశారు. కెప్టెన్ రిచర్డు కోపం పట్టలేక ఆ కేసును మరొకసారి కార్యాలయానికి రాశాడు. ఈసారి జవాబు వారంలోనే వచ్చింది. ప్రేమమణి వేలు పెట్టి, మాట మాటా కూడబలుక్కుని, రెండుసార్లు చదివింది:

"ప్రామాణిక పాదముతో పోల్చి చూచుటకు సదరు పాదమును జతపరచనందున, ఈ ఫైలు మూసివేయడమైనది."